నూరున్ అలా నూర్: ఒక ముద్ర, ఒక పాట, ఒక మసీదు గోడ

మొన్న ఇత్వార్ నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కితాబులు తిరగేస్తుంటే ఉర్దూలో అచ్చయిన కెమిస్ట్రీ పుస్తకం ఒకటి చేతికి తగిలింది. జామియా ఉస్మానియా దారుత్తర్జుమా వాళ్లది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టేశాయి. బేరమాడి నలభై రూపాయలకు తీసుకున్నాను. గోల్నాకలో ఇంటికొచ్చి దుమ్ము దులిపి చూస్తే లోపలి పేజీ మీద యూనివర్సిటీ పాత ముద్ర ఉంది. పైన నిజాం తాజ్, దానితోపాటు అరబీలో మూడు మాటలు: నూరున్ అలా నూర్. వెలుగు మీద వెలుగు.

ఖురాన్ చదివే ప్రతి ఇంటికీ తెలిసిన మాటలే. సూరా నూర్ 35వ ఆయత్‌లోవి. గోడలో గూడు, గూట్లో చిరాగ్, చిరాగ్ చుట్టూ గాజు, జైతూన్ నూనె. తన నూర్ ఎలాంటిదో అల్లాహ్ మన ఇంటి సామానుతో పోల్చి చెప్పిన ఆయత్ అది. ఆ మాటలు ఇక్కడ కెమిస్ట్రీ పుస్తకం మీద ఉన్నాయి. ఎంతమంది తలబా వుజూ లేకుండానే ఈ పేజీ తిప్పి ఉంటారో! ఒక మూల తేజాబ్ చుక్క పడినట్టు గోధుమరంగు మరక కూడా ఉంది. చివరికి ఫుట్‌పాత్‌కు చేరింది. దీని మీద ఎవరైనా ఎతరాజ్ చేశారని నేనెప్పుడూ వినలేదు.

ఇవే మూడు మాటలు 2004లో ఒక సినిమా పాటలోకి వస్తే ఆ సినిమానే థియేటర్ల నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆ సినిమా తీసింది ఒక ముసల్మాన్ ముసవ్విర్. కథ మొదలయ్యేది మన హైదరాబాద్‌లోనే. పేరు మీకు గుర్తొచ్చే ఉంటుంది: మఖ్బూల్ ఫిదా హుసేన్.

ఈ సంగతి రాయడానికి ఇంట్లో ఒక సబబ్ ఉంది. మా బేటీ ఇంటర్ రెండో సంవత్సరం. బొమ్మలు బాగా వేస్తుంది. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్ రాస్తానని ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. మా అమ్మీ చూసి తస్బీహ్ పక్కన పెట్టి, "ఖయామత్ రోజున ఆ బొమ్మలకు జాన్ పోయమంటే ఏం చేస్తావే?" అంది. అది అమ్మీ సొంత మాట కాదు, హదీస్‌లో ఉన్న హెచ్చరికే. పిల్ల కాసేపు ఆలోచించి నన్ను అడిగింది: "అబ్బా, హుసేన్ సాబ్ నమాజ్ చదివేవారా?"

నాకు తెలియదన్నాను. తర్వాత అసలు ఆ సవాల్ మనం ఎందుకు అడుగుతామా అని ఆలోచనలో పడ్డాను. ఒక ఫన్‌కార్ మజ్హబ్‌కు సంబంధించిన బొమ్మ వేస్తే, ముందు అతని దిల్‌లో ఏముందో తేలాలా? లేక బొమ్మను చూస్తే చాలా?

అమ్మీ మాట ముందు తీసుకుందాం, తేలిగ్గా కొట్టేసే మాట కాదు. ఉర్దూలో చిత్రకారుణ్ణి ముసవ్విర్ అంటాం. అల్ ముసవ్విర్ అల్లాహ్ పేర్లలో ఒకటి, సూరా హష్ర్ చివరి ఆయత్‌లో ఉంది. రూపమిచ్చేవాడు అని అర్థం. మనిషి చేసే పనికి, అల్లాహ్ సిఫత్‌కు ఒకే లఫ్జ్. ఉలమా భయం అక్కడినుంచే వచ్చింది. రూపం ఇవ్వడం ఆయన పని, నువ్వు అందులో షరీక్ కావద్దు అని. అందుకే మన ఫన్ అంతా అక్షరంలోకి, తీగలోకి, పువ్వులోకి, కమాన్‌లోకి వెళ్లింది. ఖత్తాత్‌కు దొరికిన ఇజ్జత్ ముసవ్విర్‌కు దొరకలేదు. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో ఖుష్‌ఖతీ నేర్పే ఉస్తాద్ బిస్మిల్లాహ్ రాయించే రోజు నల్లా దగ్గర వుజూ చేయించి మరీ ఖలం చేతికిచ్చేవారు. అక్షరం వంకరపోతే ఊరుకునేవారు గానీ, వుజూ తప్పితే ఊరుకునేవారు కాదు.

అయితే దక్కన్ చరిత్ర ఈ గీత దగ్గరే ఆగలేదు. పాతబస్తీలో మొహమ్మద్ కులీ కుతుబ్ షా 1590లలో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూడండి. లోపలి గోడలకు 1611 నాటి రంగు పలకలున్నాయి. నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పెద్దపెద్ద అలంలు. ఒక్క మనిషి ముఖం లేదు. అయినా ఆ గోడ ముందు నిలబడితే కర్బలా గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లే మనుషులున్నారు. మూసీ వరదలు చూసిన గోడ అది, నాలుగు వందల ఏళ్లు దాటినా రంగు చెక్కుచెదరని చోట్లున్నాయి. తెలంగాణ, ఆంధ్ర ఊళ్లలో మన పీర్ల పండుగ కూడా ఇలాంటిదే. పీరు ఎత్తుకునేవాళ్లలో, నిప్పుల గుండం చుట్టూ తిరిగేవాళ్లలో ఎంతమంది హిందువులుంటారో ఊరి మనిషికి చెప్పక్కర్లేదు.

పక్కనే బీజాపూర్‌లో ఇంకో అడుగు ముందుకు పడింది. 1604 ప్రాంతంలో ఫర్రూఖ్ హుసేన్ అనే ముసవ్విర్ సరస్వతి బొమ్మ వేశాడు. తెల్లని బట్టల్లో, తఖ్త్ మీద కూర్చుని వీణ వాయిస్తున్న సరస్వతి. అప్పటి సుల్తాన్ ఇబ్రాహీం ఆదిల్ షాకు గణపతి తండ్రి, సరస్వతి తల్లి అనే అర్థం వచ్చే రాత కూడా ఆ బొమ్మలోనే ఉంది. మౌసీఖీ పిచ్చి ఉన్న సుల్తాన్ అతను. ఫర్రూఖ్ హుసేన్ ఈమాన్ ఎంత గట్టిదో తూచే తరాజూ ఇవాళ ఎవరి దగ్గరా లేదు. బొమ్మ మాత్రం మిగిలింది. ఆ బొమ్మలో అదబ్ కనిపిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఉస్మానియాకు వద్దాం. గోల్నాక నుంచి తిలక్‌నగర్ మీదుగా శివం రోడ్డెక్కితే క్యాంపస్ దగ్గరే. అటు చివర తార్నాక. ఇటూ నాకా, అటూ నాకా. నాకా అంటే చౌకీ, వచ్చేపోయేవాళ్లను ఆపి ఎవరు, ఎక్కడికి, సంచిలో ఏముంది అని అడిగే చోటు. ఆ రెంటి నడుమ గులాబీ రంగు గ్రానైట్‌తో ఆర్ట్స్ కాలేజీ. 1917లో ఫర్మాన్ వచ్చింది, 1919లో చదువులు మొదలయ్యాయి. ఈ భవనానికి 1934లో పునాది వేసి, 1939 డిసెంబర్ 4న ఏడో నిజాం చేతుల మీదుగా ప్రారంభించారు. నక్షా గీసిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్తుడు. దానికి ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు హైదరాబాదీ ఇంజనీర్లు దేశదేశాల యూనివర్సిటీలు చూసి వచ్చారు. స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహల్లోవి గుర్తుకు తెస్తాయి. వాటి పైన ఇస్లామీ కమాన్. గుడి స్తంభం మీద మసీదు కమాన్ నిలబడి ఉంది. కట్టినవాళ్లలో ఒకడు ఈసాయీ దేశం నుంచి వచ్చినవాడు, ఇద్దరు ముసల్మానులు, రాయి మోసి చెక్కినవాళ్లలో అన్ని కులాలవాళ్లు. ఎవరి అఖీదా ఏమిటని ఆ కమాన్ కింద నడిచే పిల్లలెవరూ అడగరు.

యూనివర్సిటీ ముద్ర తర్వాత మారింది. ఇప్పటి ముద్రలో తెలుగు, సంస్కృతం ఉన్నాయి, నడుమ ఉర్దూ ఐన్ అక్షరం మిగిలింది. సంస్కృత వాక్యం అర్థం చీకటి నుంచి వెలుగు వైపు తీసుకుపొమ్మని. అంటే నూర్ పోలేదు, జబాన్ మారింది. దీనికి సంతోషపడాలో బాధపడాలో నాకు చాలాకాలం తేలలేదు. ఉర్దూలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, రెండూ నావే.

ఇక హుసేన్. పుట్టింది పండరీపురంలో, విఠోబా క్షేత్రంలో. సులేమానీ బోహ్రా కుటుంబం. తల్లి జైనబ్ పసితనంలోనే ఇంతెఖాల్ అయింది. ఆమె తస్వీర్ ఒక్కటీ మిగల్లేదు. తల్లి ముఖం ఎలా ఉండేదో జీవితాంతం అతనికి తెలియలేదు. తర్వాత మదర్ థెరిసా బొమ్మలు వరుసగా వేశాడు, అన్నిటిలో నీలం అంచు తెల్లచీర ఉంటుంది, ముఖం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. అవి చూసినప్పుడల్లా నాకు ఆ జైనబ్ బీబీ గుర్తొస్తుంది.

చిన్నప్పుడు బరోడాలో మదర్సాలో ఉండి ఖత్తాతీ నేర్చుకున్నాడు. ఇందోర్‌లో రామ్‌లీలాలు చూశాడు, మొహర్రం జులూస్‌లో దుల్దుల్ గుర్రాన్ని చూశాడు. ప్రపంచమంతా కొనుక్కున్న హుసేన్ గుర్రాలకు మూలం ఆ దుల్దులే. ఇమాం హుసేన్‌ను మోసిన గుర్రం, సవార్ లేకుండా తిరిగొచ్చిన గుర్రం. అది తెలిశాక ఆ గుర్రాల మెడలు ఎందుకంత వెనక్కి విరిగి ఉంటాయో అర్థమవుతుంది. ముంబైలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నాడు. 1947లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌లో చేరాడు.

హైదరాబాద్‌కు అతన్ని కట్టేసిన మనిషి బదరీవిశాల్ పిత్తి. మార్వాడీ ధనవంతుల ఇంట పుట్టి సోషలిస్టు అయినవాడు. 1949 నుంచి హైదరాబాద్ నుంచే 'కల్పన' అనే హిందీ పత్రిక నడిపాడు. రామ్‌మనోహర్ లోహియాకు దగ్గరివాడు. ఆ పరిచయంలోనే 1960లలో లోహియా హుసేన్‌తో ఒక మాట అన్నాడు. టాటాలు, బిర్లాల దీవాన్‌ఖానాల్లో వేలాడే బొమ్మలు ఎన్నాళ్లు వేస్తావు, పల్లెటూరి మనిషికి తెలిసిన రామాయణం వెయ్యి అని. 1967లో లోహియా పోయాడు. హుసేన్ ఆ మాట వదల్లేదు. ఎనిమిదేళ్లలో దాదాపు 150 కాన్వాసులు వేశానని తర్వాత చెప్పుకున్నాడు. చేతిలో డబ్బు లేని రోజులు. వాల్మీకి, తులసీదాస్ ఇద్దరినీ చదివాడు. తెలియనిచోట బనారస్ నుంచి పండితులను పిలిపించుకుని అడిగాడు. ఆ బొమ్మలను ఎడ్లబండ్ల మీద ఊళ్లకు తీసుకెళ్లి చూపించారు. ఊరివాళ్లు చూశారు, రాముణ్ణి గుర్తుపట్టారు, హనుమంతుణ్ణి గుర్తుపట్టారు. వేసినవాడి మజ్హబ్ ఏమిటని గొడవ రాలేదు.

గొడవ వేరే చోట మొదలైంది. ఇస్లామీ విషయాల మీద ఎందుకు వెయ్యవని మనవాళ్లే కొందరు అతన్ని నిలదీశారు. అక్కడ ఖత్తాతీలో చిన్న తప్పు జరిగినా సహించరు కదా అని అతను జవాబిచ్చాడు. ఆ జవాబు చేదుగా ఉంటుంది. ఆ చేదులో కొంత నిజముంది.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే, త్వరగా చెబుతాను. 1970లలో గీసిన సరస్వతి నగ్న చిత్రం 1996లో ఒక హిందీ పత్రికలో అచ్చయింది. ఊరూరా కేసులు పడ్డాయి. 1998లో ముంబైలో అతని ఇంటి మీద దాడి జరిగింది. 2006లో దేశం విడిచాడు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అయినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011 జూన్ 9న లండన్‌లో ఇంతెఖాల్ అయ్యాడు. అక్కడికి దగ్గర్లోని బ్రూక్‌వుడ్ ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. చివరి ఏళ్లలో ఒక పక్క ఖతర్ కోసం అరబ్ నాగరికత బొమ్మలు, ఇంకో పక్క భారతీయ నాగరికత బొమ్మలు వేస్తూ ఉన్నాడు. ఈ రెండో వరుసలో మొదటి బొమ్మ గణేశుడిది.

ఇక్కడ బీజాపూర్ సరస్వతి దగ్గరికి మళ్లీ వస్తాను. సరస్వతిని పూజించే ఇంట్లో హుసేన్ బొమ్మ చూసి మనసు నొచ్చుకున్నారంటే, ఆ నొప్పి అబద్ధమని నేననను. పైగంబర్ కార్టూన్లు చూసి నొచ్చుకున్న ఉమ్మత్‌లోవాణ్ణి, ఆ మాట అనే హఖ్ నాకు లేదు. గుడుల మీద నగ్న శిల్పాలు లేవా అనే వాదన కోర్టులో చెల్లుతుంది. పక్కింటి అమ్మ ముందు నేను ఆ వాదన చెయ్యను. అయితే నొచ్చుకోవడం వేరు, తొంభై ఏళ్ల ముసలివాడు సొంత మట్టిలో కలవకుండా చెయ్యడం వేరు. మొదటిదానికి జవాబు బాత్‌చీత్‌తో దొరుకుతుంది. రెండోది జుల్మ్.

ఇప్పుడు పాట. హుసేన్ బంజారాహిల్స్‌లో సినిమాఘర్ కట్టుకున్నాడు. 2004లో 'మీనాక్షి: ఎ టేల్ ఆఫ్ త్రీ సిటీస్' తీశాడు. మూడు షహర్‌లలో మొదటిది హైదరాబాద్, కథలో రచయిత హైదరాబాదీ నవాబ్, హీరోయిన్ మన ఊరి అమ్మాయి టబు. ఎ.ఆర్. రహమాన్ మౌసీఖీ. అందులో ఒక ఖవ్వాలీకి హుసేన్ పెట్టుకున్న పేరు 'నూరున్ అలా నూర్'. ఖురాన్ మాటలను ఒక ఔరత్ అందానికి వాడారని ఆలిండియా ఉలమా కౌన్సిల్ ఎతరాజ్ చేసింది. ఇంకా కొన్ని తన్‌జీమ్‌లు మద్దతు పలికాయి. ఎవరినీ నొప్పించాలని కాదని హుసేన్ కుటుంబం చెప్పుకుంది. సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. అప్పుడు నేను ఒక పత్రికలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. ఆ ఖబర్ వచ్చిన రోజు నాకు సంతోషమేసింది. సరస్వతి విషయంలో అతని ఆజాదీ కోసం వాదించినవాణ్ణే, మన ఆయత్ దగ్గరికి వచ్చేసరికి అవతలి నాకా దగ్గర లాఠీ పట్టుకుని నిలబడ్డాను. డెస్క్‌లో పక్క కుర్చీలోని హిందూ దోస్త్ నన్ను చూసి చిన్నగా నవ్వాడు. ఏమీ అనలేదు. అతను ఏదైనా అని ఉంటే గొడవపడి మర్చిపోయేవాణ్ణి. ఇరవై ఏళ్లయినా ఆ నవ్వు పోలేదు.

ఇవాళ నలభై రూపాయల కెమిస్ట్రీ పుస్తకం చేతిలో పెట్టుకుని అడుగుతున్నాను. తేజాబ్ మరక పక్కన ఉండగలిగిన ఆయత్, ఖవ్వాలీలో ఎందుకు ఉండలేకపోయింది? రెండిటికీ ఫర్ఖ్ లేదనను. ముద్ర మీద ఆ మాటలు ఇల్మ్‌ను పొగుడుతున్నాయి, పాటలో హుస్న్‌ను పొగుడుతున్నాయని ఉలమా భావించారు. ఆలోచించాల్సిన ఫర్ఖే. కానీ మనం ఆలోచించామా? ఆ ముసలివాణ్ణి కూర్చోబెట్టి, ఏ ఇరాదాతో వాడావు బాబా అని అడిగామా? అమల్‌కు విలువ నియ్యత్‌ను బట్టి అని సహీహ్ బుఖారీ మొదటి హదీస్‌లోనే చదువుతాం. అడగకుండానే ఫైసలా చేసేశాం.

మనకు అడగడం, వినడం చేతకాదని కాదు. అందుకు ఈ షహర్‌లోనే సబూత్ ఉంది. అనిల్ కుమార్ చౌహాన్ హైదరాబాద్‌లో సైన్‌బోర్డులు రాసే పెయింటర్. దుకాణాల మీద ఉర్దూ బోర్డులు చూసి చూసి, అర్థం తెలియకుండా దించి దించి, అలాగే ఉర్దూ నేర్చుకున్నాడు. చేతిరాతలోని అందం చూసి మసీదు గోడల మీద ఆయత్‌లు రాయమని పిలిచారు. గైర్ ముస్లిం చేత్తో కలామ్-ఎ-పాక్ ఎలా రాయిస్తారని కొందరు ఎతరాజ్ చేశారు. అతను బ్రష్ విసిరి వెళ్లిపోలేదు, అడ్డుపడినవాళ్లతో కొట్లాడలేదు. జామియా నిజామియాకు వెళ్లి అడిగాడు. అక్కడి ఉలమా అనుమతిస్తూ ఫత్వా ఇచ్చారు. తహారత్‌తోనే బ్రష్ పడతానని అతను చెబుతాడు. వందకు పైగా మసీదుల్లో రాశాడు, చాలాచోట్ల పైసా తీసుకోకుండా. గుడుల్లోనూ బొమ్మలు వేస్తాడు. అతను రాసిన సూరా యాసీన్‌ను జామియా నిజామియా తన దగ్గరే పెట్టుకుంది.

నువ్వు కలిమా చదివావా అనే సవాల్ మీద ఆ పని ఆగిపోలేదు. చెయ్యి పాకంగా ఉందా, అక్షరం సరిగ్గా ఉందా, రాసేచోట అదబ్ ఉందా అని చూశారు. దిల్ సంగతి అల్లాహ్‌కు వదిలేశారు. మా స్కూల్ ఉస్తాద్ నల్లా దగ్గర నేర్పిందీ ఇదే.

మా బేటీ సవాల్‌కు నాకు దొరికిన జవాబు కూడా ఇదే. హుసేన్ నమాజ్ చదివేవాడా లేదా అన్నది అతనికీ అల్లాహ్‌కూ మధ్య లెక్క. ఫన్‌కార్ ఇబాదత్ తూచడం మన పని కాదు. కానీ బొమ్మ అతని గదిలోంచి బయటికి రాగానే అది నలుగురి ఇంట్లోకి వస్తుంది. నలుగురి ఇంట్లోకి వచ్చేవాడు చెప్పులు విడిచి రావాలి. పక్కవాళ్ల దేవుడి గదిలోకైనా, మన ఆయత్ దగ్గరికైనా అదే అదబ్. ఆ అదబ్ తప్పిందని అనిపిస్తే ఇంటివాళ్లకు అడిగే హఖ్ ఉంది. అడిగి, వినే బాధ్యత కూడా ఉంది. తలుపేసి కొట్టే హఖ్ మాత్రం ఎవరికీ లేదు.

పోయిన హఫ్తా పిల్లను స్కూటర్ మీద ఆర్ట్స్ కాలేజీకి తీసుకెళ్లాను. మెట్ల మీద కూర్చుని రెండు గంటలు స్తంభం, దాని మీది కమాన్ పెన్సిల్‌తో గీసింది. తార్నాక వైపు ఎండ వాలేదాకా నేను పక్కనే పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి ఆ కాగితం దాదీకి ఇచ్చింది. అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇందులో జాన్ ఉన్నదేదీ లేదు కదా, పర్వాలేదు" అంది. కాగితం తిరిగి ఇస్తూ మళ్లీ ఒకసారి చూసి, "అవునే, ఇంత పెద్ద కమాన్ కింద ఒక్క మనిషీ లేడేం? ఎంత సున్నాగా ఉందో" అంది.

పిల్ల నా వైపు చూసింది. నేను ఫారం తీసుకుని, గార్డియన్ దస్తఖత్ అని ఉన్నచోట సంతకం పెట్టాను.